ఓడ మీద ఒకచోట నిలబడు నాన్నా

బయల్దేరుతున్నావా నాన్నా? ఆగాగు, ఇలా గుమ్మంలో ఒక్క నిమిషం కూర్చో. మీ అమ్మ కారు బయటికి తీసేలోపు నాలుగు ముక్కలు చెప్తాను. అనకోర్టెస్‌లో ఫెర్రీ ఎక్కి శాన్ వాన్ దీవులకి వెళ్తున్నావు, ఓర్కా తిమింగలాలు చూస్తానంటున్నావు. చాలా సంతోషం. నీ ఈడు పిల్లలు శనివారం పదకొండింటిదాకా ముసుగుతన్ని పడుకుంటారు, నువ్వు చీకటితో లేచి సముద్రం చూడ్డానికి పోతున్నావు. నీ మనసు మంచిదే. నీ తొందరతోనే నాకు బెంగ.

పోయినసారి మనం కలిసి వెళ్లినప్పుడు ఏం చేశావో గుర్తుందా? ఓడ రేవు వదిలీ వదలగానే ముందుకి పరిగెత్తావు. అక్కడేమీ కనపడకపోయేసరికి వెనక్కి. ఎవరో "అదిగో" అంటే ఎడమపక్కకి, ఇంకెవరో "ఇటు ఇటు" అంటే కుడిపక్కకి. మధ్యలో లోపలికెళ్లి కాఫీ తాగి, బల్ల మీద ఎవరో సగం పేర్చి వదిలేసిన జిగ్సా బొమ్మలో రెండు ముక్కలు అతికించి, మళ్లీ బయటికి. ఫ్రైడే హార్బర్‌లో దిగేటప్పుడు మొహం వేలాడేసి, "ఏమీ లేవు అమ్మమ్మా, సముద్రం ఖాళీ" అన్నావు. నేను మటుకు ఎక్కింది మొదలు దిగేదాకా కుడిపక్క రెయిలింగ్ పట్టుకుని ఒక్కచోటే నిలబడ్డాను. నాకు సీళ్లు ఆరు కనపడ్డాయి, చిన్న తిమింగలాల్లాంటి పోర్పస్‌లు రెండుసార్లు, పక్షులకైతే లెక్కే లేదు. అదే ఓడ, అవే నీళ్లు, అదే గంటపై చిల్లర ప్రయాణం.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. మళ్లీ మళ్లీ చెప్తాను, విసుక్కోకు. ఒకచోట నిలబడు.

ఎండ కళ్లలో పడని పక్క చూసుకో. పొద్దున పడమటికి వెళ్తారు కాబట్టి సూర్యుడు వెనకా ఎడమా ఉంటాడు, కుడిపక్కన నీళ్లు నిలకడగా కనపడతాయి. చలిగాలి చెవుల్లో దూరుతుంది, టోపీ చెవుల మీదికి లాక్కో. వేసవి కదా అనకు, ఇది మన భీమిలి సముద్రం కాదు, ఏ కాలమైనా ఒళ్లు జివ్వుమనిపిస్తుంది. ఇక నిలబడ్డాక మొదటి పది నిమిషాలు ఏమీ కనపడదు. కనపడనీ. మండే ఎండలోంచి వచ్చి చీకటి కొట్టుగదిలో అడుగుపెట్టావనుకో, ముందు ఏమీ తెలీదు కదా? కాసేపు ఆగితే మూల బియ్యం బస్తా కనపడుతుంది, తర్వాత అటక మీద ఊరగాయ జాడీలు, తర్వాత వాటి మూతికి కట్టిన గుడ్డలు కూడా. సముద్రం అంతే. కంటికి అలవాటు కావాలి. నువ్వు పరిగెత్తిన ప్రతిసారీ ఆ అలవాటు మళ్లీ మొదటికొస్తుంది.

ముందు ఉత్త కళ్లతో చూడు. బైనాక్యులర్స్ మెడలో ఉండనీ. పక్షులు ఎక్కడ ముసురుతున్నాయో చూడు, అక్కడ చేపలుంటాయి. మా నాన్నగారి ఊళ్లో వేటకెళ్లే వాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది, ఏ సముద్రానికైనా ఒకటే లెక్క. రొజారియో జలసంధి దాటేటప్పుడు పోటు నీరు గట్టిగా లాగేచోట పైన చారలు చారలుగా, కుతకుతలాడుతున్నట్టు ఉంటుంది. ఆ లాగుడికి చిన్నచేపలు పైకి చేరతాయి. వాటి కోసం గల్స్ వాలతాయి, వేరే పక్షులు మునుగుతాయి, కింద సీళ్లూ పోర్పస్‌లూ చేరతాయి. ఒకటి కనపడితే చూపు అక్కడే నిలిపి, తల కదపకుండా బైనాక్యులర్స్ కళ్లకి తెచ్చుకో. కిందికి చూసి దాన్ని వెతుక్కుని మళ్లీ పైకి చూశావో, చూసింది పోయినట్టే.

సీల్ తల నీళ్లలో తేలే కొబ్బరికాయలా ఉంటుంది. కెల్ప్ అని ఇక్కడ పెరిగే పెద్ద సముద్రపు నాచుకి చివర ఒక బుడ్డ ఉంటుంది, అదీ అలాగే తేలుతుంది. నిరుడు నేనే పావుగంట సేపు కెల్ప్ బుడ్డని చూసి సీల్ అనుకున్నాను. ఆ పావుగంట వృథా అయిందని నేననుకోను, దాంతో తేడా తెలిసింది. బుడ్డ అలతోపాటు ఊగి ఊగి అక్కడే ఉంటుంది. సీల్ నీ వంక పెద్ద పెద్ద కళ్లతో చూస్తుంది, తర్వాత ముక్కు పైకెత్తి, చప్పుడు లేకుండా నిలువునా కిందికి జారిపోతుంది. పోర్పస్ ఇంకా సిగ్గరి. నల్లటి చిన్న ముక్కోణపు రెక్క ఒక్కటి చక్రం తిరిగినట్టు పైకొచ్చి మునిగిపోతుంది. గాలి లేని రోజు ఓడ నెమ్మదించినప్పుడు "ఫుస్స్" మని ఊపిరి వదలడం వినపడుతుంది. 1970ల నాటికి ఇక్కడి సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో ఇవి దాదాపు కనుమరుగైపోయాయి. 2000 దాటాక మళ్లీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. వెళ్లిపోయినవి తిరిగొచ్చాయంటే చిన్న సంగతా? పైకెగరవు, గంతులు వెయ్యవు కాబట్టి వాటి వంక ఎవరూ చూడరు. నువ్వు చూడు.

ఇప్పుడు నీకు అసలైన పక్షి సంగతి చెప్పాలి. మనం కలిసి వెళ్లిన ఆ రోజు, దీవుల మధ్య ఇరుకు దారి థాచర్ పాస్‌లోకి తిరిగే ముందు, ఓడకి పదిహేను గజాల దూరంలో రెండు పక్షులు కనపడ్డాయి. గుప్పెడంత ఉంటాయేమో. బూడిదా గోధుమా కలిసిన మచ్చలు, మెడ లేనట్టు ఒళ్లు, తోక కాస్త పైకెత్తి, ముక్కు కూడా కాస్త పైకెత్తి. ఒకదాని పక్కన ఒకటి. ఓడ దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకేసారి బుడుంగుమని మునిగాయి. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఒకటి ఇక్కడ తేలింది, రెండోది అక్కడెక్కడో దూరంగా తేలింది. మొదటిది "కీర్" అంది. రెండోది "కీర్" అంది. అలా పిలుచుకుంటూ, ఈదుకుంటూ, మళ్లీ ఒకదాని పక్కన ఒకటి చేరాయి. వాటి పేరు మార్బుల్డ్ మరలెట్ అని నా పక్కన నిలబడ్డ ఒక పెద్దావిడ చెప్పింది.

సముద్రంలో బతికే ఈ పక్షి గుడ్డు ఎక్కడ పెడుతుందో తెలుసా నాన్నా? తీరం వదిలి ఎన్నో మైళ్లు లోపలికెళ్లి, వందల ఏళ్ల నాటి మహావృక్షం మీద. గూడు కట్టదు. లావుపాటి కొమ్మ మీద పరుచుకున్న పాచిలో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. తల్లీ తండ్రీ సముద్రం మీద చేప పట్టి, మసక వెలుతురులో అడవికి ఎగిరిపోయి పిల్లకి పెట్టి వస్తాయి. ఈ గుడ్డు పెట్టే చోటు సంగతి శాస్త్రవేత్తలకి 1974 దాకా రూఢిగా తెలీలేదు. కాలిఫోర్నియాలో ఒక చెట్టెక్కిన పనివాడి కంట పడితే తెలిసింది. అప్పటికే ఆ పాత చెట్లు చాలావరకు నరికేశారు. 1992లో వాషింగ్టన్, ఓరెగాన్, కాలిఫోర్నియాల్లో దీన్ని ముప్పులో ఉన్న జీవిగా చట్టంలో చేర్చారు. అక్కడెక్కడో కొండ మీద చెట్టు కొడితే ఇక్కడ సముద్రం మీద జంట తగ్గిపోతుంది. ఇల్లొకచోట, పొట్టకూడొకచోట ఉన్నవాళ్ల కష్టం మనకి తెలియంది కాదు కదా.

ఆ జంటని నువ్వు చూడలేదు. ఆ సమయానికి ఎవరో "ఓర్కా" అని అరిస్తే అటుపక్కకి ఉరికావు. అది ఓర్కా కాదు, డాల్స్ పోర్పస్ అనే వేరే రకం పోర్పస్ అని తర్వాత తేలింది. నలుపూ తెలుపూ ఉంటుంది, నీళ్లు చిమ్ముకుంటూ పోతుంది, చాలామంది ఓర్కా పిల్ల అనుకుంటారు. అదీ అందమైనదే. నువ్వు దాన్ని కూడా సరిగ్గా చూడలేదు, ఫోను ఎత్తిపట్టుకుని అందరి తలల మీదుగా తీశావు. అందులో నీళ్లు, ఎవరిదో ఎర్ర టోపీ తప్ప ఏమీ పడలేదు. ఒకచోట నిలబడి ఉంటే ఒక జంట నీకు దక్కేది.

ఇక ఓర్కాల మాట. వాటి కోసమే కదా వెళ్తున్నావు. వాటి సంగతి వస్తే నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను, కారు హారన్ కొట్టినా సరే.

ఈ నీళ్లలో ఎప్పటినుంచో ఉంటున్న ఓర్కాలు మూడు కుటుంబాలు. జే, కే, ఎల్ అని పేర్లు పెట్టుకున్నారు. 1976 నుంచి ఏటా లెక్క కడుతున్నారు. రెక్క ఆకారాన్నీ, దాని వెనక వీపు మీదుండే బూడిద మచ్చనీ బట్టి ఒక్కొక్కదాన్నీ గుర్తుపడతారు. 2024 జులై లెక్కకి మొత్తం 73. మన వీధిలో పెళ్లికి వచ్చే చుట్టాలంతమంది కూడా లేరు. అన్నీ తల్లి వెనకే ఉంటాయి. కూతుళ్లే కాదు, ఆరడుగుల రెక్కతో తిరిగే కొడుకులు కూడా చచ్చేదాకా తల్లి పక్కనే. తల్లి సాల్మన్ చేప పట్టి, ఎదిగిన కొడుక్కి కూడా పెడుతుంది. ముప్పై దాటిన కొడుకైనా తల్లి పోయిన ఏడాదిలోపు చనిపోయే ప్రమాదం 14 రెట్లు పెరుగుతుందని లెక్క తేల్చారు. కాన్పులు ఉడిగిన అమ్మమ్మలే గుంపుకి ముందు నడుస్తారు, చేపలు తక్కువైన ఏడు మరీనూ. ఎక్కడ ఏ కాలంలో చేప దొరుకుతుందో వాళ్లకే గుర్తు. జే కుటుంబంలో గ్రానీ అని పిలిచే ముసలమ్మ ఉండేది, ఏళ్ల తరబడి అందరికంటే ముందు ఈదేది. 2016 అక్టోబరు తర్వాత ఎవరికీ కనపడలేదు.

వీటి తిండి ముఖ్యంగా చినూక్ సాల్మన్. నదులకి ఆనకట్టలు కట్టి, నీళ్లు పాడుచేసి, ఆ చేపని మనుషులే తగ్గించేశారు. ఉన్న నాలుగు చేపల్ని ఓర్కా చెవితో వెతుక్కుంటుంది. తను టిక్కుటిక్కుమని చప్పుడు చేసి, అది చేపకి తగిలి తిరిగొస్తే విని, ఎక్కడుందో తెలుసుకుంటుంది. దాని నెత్తి మీద పడవ ఇంజను రొద పెట్టిందనుకో, ఆ చిన్న చప్పుడు ఏం వినపడుతుంది? అన్నం ముందు కూర్చున్నవాళ్ల దీపం ఆర్పేసినట్టే. పడవ మరీ దగ్గరికొస్తే ఆడ ఓర్కాలు వేట మానేస్తున్నాయని కూడా గమనించారు. పిల్లకి పాలివ్వాల్సింది వాళ్లే. అందుకే 2025 జనవరి నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో పడవలు వీటికి 1000 గజాల దూరంలో ఉండాలని చట్టం వచ్చింది. దూరంగా ఉంటే ఏం కనపడుతుంది అని గొణుక్కునేవాళ్లున్నారు. నువ్వు ఆ మాట అనకు.

ఫెర్రీ అంటే నాకు గౌరవం ఎందుకో తెలుసా? అది తన దారిన తను పోతుంది, దేన్నీ తరమదు. దారిలో తిమింగలాలున్నాయని కెప్టెన్‌కి కబురందే ఏర్పాటు కూడా ఉంది. కబురొస్తే వేగం తగ్గిస్తారు. తిమింగలం తన పని మీద వెళ్తుంటే, నువ్వు నీ పని మీద వెళ్తుంటే, ఇద్దరూ దారిలో ఎదురుపడ్డారు. అంతకంటే మర్యాదైన పలకరింపు ఇంకేముంటుంది? ఇంకా దగ్గరగా చూస్తానని వేరే పడవలో బేరం పెట్టకు. శాన్ వాన్ దీవి పడమటి ఒడ్డున లైమ్ కిల్న్ అనే చోట లైట్‌హౌస్ ఉంది. అక్కడ బండల పక్కనే నీళ్లు బాగా లోతు, ఒక్కోసారి ఒడ్డుకి అతి దగ్గరగా ఓర్కాలు వెళ్తాయి. పులిహోర డబ్బా తీసుకుని ఆ బండ మీద కూర్చో. వస్తే చూడు. రాకపోతే పులిహోర తిని రా.

కిందటేడు నేను అక్కడే కూర్చున్నాను. మధ్యాహ్నం మూడు దాటాక, దూరంగా నీళ్ల మీద పొగ లేచినట్టు ఊపిర్లు కనపడ్డాయి. ఒక పెద్ద రెక్క, దాని పక్కన రెండు వంపు రెక్కలు, ఒకదాని వెనక చిన్నది. నెమ్మదిగా మా వైపే వస్తున్నాయి. ఇంతలో ఎవరిదో చిన్న పడవ నీళ్లు కోసుకుంటూ వాటి ముందుకి దూసుకుపోయింది. అందులో వాళ్లు చెడ్డవాళ్లు కాదు, చేతులూపుతూ సంబరపడుతున్నారు. నీలాంటి పిల్లలే. ఓర్కాలు మునిగాయి. మళ్లీ కనపడేసరికి చాలా దూరం పోయాయి. ఒడ్డున పొద్దుటినుంచీ కాసుకుని ఉన్న వాళ్లెవరికీ దక్కలేదు, పడవలో వాళ్లకీ దక్కలేదు, వాటి వేటా పాడైంది. ఒక్కరి తొందర ఎంతమందికి చేటో చూడు.

తొందరకి ఇంకా పెద్ద చేటు కూడా ఈ నీళ్లు చూశాయి. 1970 ఆగస్టులో విడ్బీ దీవి దగ్గర పెన్ కోవ్‌లో, పడవలతో తరిమి, నీళ్లలో టపాకాయలు పేల్చి, ఓర్కాల గుంపుని వలల్లోకి తోలారు. పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి విడదీసి, ప్రదర్శనశాలలకి అమ్ముకున్నారు. కొన్ని వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిపోయాయి. జనం దగ్గరగా చూడాలని మోజు పడ్డారు కాబట్టే ఆ బేరం నడిచింది. అలా పట్టుకుపోయిన ఒక పిల్ల, టోకిటే, మయామీలో ఒక తొట్టెలో యాభై ఏళ్లు పైబడి బతికి 2023 ఆగస్టులో పోయింది. ఇక్కడి ఆదివాసులైన లమ్మీ జనం తమ భాషలో ఓర్కాలని అలల కింద ఉండే బంధువులంటారు. ఆమెని ఇంటికి తేవాలని ఏళ్ల తరబడి అడిగారు. చివరికి ఆమె బూడిదే ఈ నీళ్లకి చేరింది.

2018లో తహ్లెక్వా అనే తల్లి ఓర్కా బిడ్డ పుట్టిన అరగంటకే చనిపోతే, ఆ బిడ్డని తల మీద మోసుకుంటూ 17 రోజులు తిరిగింది. వెయ్యి మైళ్లు ఈదింది. ఆ సంగతి నేను మీ అమ్మ దగ్గర విన్నరోజు అన్నం ముద్ద గొంతు దిగలేదు. ఇలాంటి తల్లులు తిరిగే నీళ్ల మీదికి వెళ్తున్నావు నాన్నా. పుట్టెడు దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు గట్టిగా మాట్లాడతామా? తలుపులు నెట్టుకుని లోపలికి పోతామా? వరండాలో ఒక పక్కన నిలబడతాం. అలాగే ఒకచోట నిలబడు.

చిన్నవి రెండు మూడున్నాయి. డెక్ మీద చిప్స్ తింటుంటే గల్స్ నీ భుజం పక్కనే గాలిలో నిలబడి చూస్తాయి, ముద్దొస్తాయి, అయినా వెయ్యకు. దీవిలో ఇసుక మీద సీల్ పిల్ల ఒంటరిగా కనపడితే తల్లి వదిలేసిందని జాలిపడి ఎత్తుకోకు. తల్లి మేతకెళ్లి ఉంటుంది. నువ్వు పక్కన నిలబడితే ఆమె ఒడ్డుకి రాదు, నీ జాలే దాని ప్రాణం మీదికొస్తుంది. వంద గజాలు వెనక్కి వచ్చెయ్. పక్కన ఎవరైనా పిల్లలో పెద్దవాళ్లో ఉంటే రెయిలింగ్ దగ్గర చోటివ్వు. ఏదైనా కనపడితే అరవకు, ఓడ ముక్కు పన్నెండు గంటలనుకుని "రెండు గంటల వైపు" అని మెల్లిగా చెప్పు. అందరికీ దొరుకుతుంది.

సరే, మీ అమ్మ వచ్చేసింది. జిప్పు పైదాకా పెట్టుకో. సాయంత్రం వచ్చాక నాకు ఫొటోలు పంపకు. కాళ్లు కడుక్కుని వంటింట్లోకి రా, నా పక్కన కూర్చుని చెప్పు. సీల్ ఎటు చూసిందో, పక్షి ఎంతసేపు మునిగిందో, రెండోది ఎక్కడ తేలిందో చెప్పు. ఆ రెండు చిన్న పక్షులు మళ్లీ కనపడ్డాయేమో, అది మటుకు మర్చిపోకుండా చెప్పు.